నార్ఫోక్ దీవికి సెలవు చీటీ

మా ఇంటి మెట్ల ప్రక్కన కుండీలో ఒక మొక్క ఉంది. నాలుగేళ్ళ క్రితం కడియంలో కొన్నాము. అమ్మినతను దానిని ‘క్రిస్మస్ చెట్టు’ అన్నాడు. కొమ్మలు గొడుగు ఊచల్లా అంతస్తులు అంతస్తులుగా విచ్చుకుంటాయి. దూరంనుంచి చూస్తే సరుగుడుకు దగ్గర చుట్టంలా ఉంటుంది గానీ కాదు. దీని శాస్త్రీయనామం అరౌకారియా హెటెరోఫిల్లా. లోకంలోని ఏ తోటలో ఉన్నా దీని పుట్టిల్లు మాత్రం ఒక్కటే: దక్షిణ పసిఫిక్ సముద్రంలోని నార్ఫోక్ దీవి. కుండీలో నడుమెత్తు దాటని ఈ మొక్క అక్కడ యాభై మీటర్లకు పైగా పెరుగుతుంది. ఆ దీవి జెండా నడుమ ఉన్నది కూడా ఈ చెట్టే.

సిడ్నీలో ఉన్న మా తమ్ముడు కిందటి నెల ఫోను చేసి, “అన్నయ్యా, ఈసారి మీరు వచ్చినప్పుడు అందరం కలిసి ఎక్కడికైనా వెళ్దాం, చోటు నువ్వే చెప్పు” అన్నాడు. నేను మారుమాట లేకుండా నార్ఫోక్ అన్నాను. అవతల కాసేపు నిశ్శబ్దం. తరువాత మా మరదలు ఫోను అందుకుని, “బావగారూ, పిల్లలు ఈత కొట్టే చోటు ఉంటుందా?” అని అడిగింది. ఉంటుందమ్మా అన్నాను. ఉన్నది, నిజమే. ఎమిలీ బే అని, పైన్ చెట్ల నీడలో, పగడపు దిబ్బ అడ్డుగా ఉండడంవల్ల కెరటాల ఉద్ధృతి లేని చక్కని తీరం. ఆ తీరానికి నాలుగు అడుగుల దూరంలో ఏమున్నదో మాత్రం ఆ రోజు ఆమెకు చెప్పలేదు. ఉన్నది శ్మశానం.

ప్రయాణానికి కావలసిన వివరాలు వెదకబోయి చరిత్రలో పడ్డాను. ఈ టపా ఆ పడ్డ కథ. ప్రయాణం సంగతులు కూడా చివర చెబుతాను.

*

ముందు భూగోళం కొంచెం. ఆస్ట్రేలియా తూర్పు తీరానికి సుమారు 1,400 కిలోమీటర్ల దూరంలో, న్యూ కాలెడోనియాకూ న్యూజీలాండుకూ మధ్య, దక్షిణాన 29 డిగ్రీల అక్షాంశం మీద ఉంది ఈ దీవి. వైశాల్యం 35 చదరపు కిలోమీటర్ల లోపే. పొడవు ఎనిమిది కిలోమీటర్లు, వెడల్పు ఐదు. మన వైపు రెండు మూడు గ్రామాల పొలిమేరలు కలిపితే అంత ఉంటుంది. జనాభా రెండువేల పైచిలుకు. అగ్నిపర్వతం చల్లారి మిగిలిన భూమి కనుక నేల సారవంతం, తీరమంతా నిట్టనిలువు కొండచరియలు. ఓడ ఆగడానికి సహజమైన రేవు లేదు. నేటికీ సరకుల ఓడ దూరంగా సముద్రంలో నిలబడితే, చిన్న పడవలు వెళ్ళి సామాను దింపుకుని రావాలి. సముద్రం ఒప్పుకోకపోతే ఓడ ఎదురుచూస్తుంది, దుకాణాలూ ఎదురుచూస్తాయి.

ఈ రేవు లేకపోవడమే దీవి చరిత్రకు తాళంచెవి అని నా అభిప్రాయం. దిగడం కష్టం, వెళ్ళడం కష్టం. అటువంటి చోటును చూసి ఒకడు స్వర్గం అనుకుంటాడు, మరొకడు చెరసాల అనుకుంటాడు. నార్ఫోక్ విషయంలో ఇద్దరూ అనుకున్నారు.

అన్నిటికన్నా ముందు వచ్చినవారు పాలినీసియనులు. ఆరేడు వందల ఏళ్ళ క్రితం వారు ఎమిలీ బే ఒడ్డున కాపురముండిన ఆనవాళ్ళు 1990లలో జరిగిన త్రవ్వకాలలో బయటపడ్డాయి. కొన్ని తరాలు ఉండి ఎందుకో వెళ్ళిపోయారు. తమ రాతి పనిముట్లనూ, తమతో వచ్చిన ఎలుకలనూ వదిలి వెళ్ళారు.

1774 అక్టోబరు 10న కెప్టెన్ జేమ్స్ కుక్ తన రెండవ యాత్రలో ఇక్కడ దిగేసరికి దీవిలో మనుషులు లేరు. నార్ఫోక్ ప్రభువు భార్య పేరు మీద దీవికి నామకరణం చేశాడు. ఆమె అప్పటికి ఏడాది దాటింది మరణించి. కుక్ ఇంగ్లండు వదిలింది 1772లో గనుక ఆ వార్త అతనికి అందలేదు. తాను లేని లోకంలో తన పేరున ఒక దీవి వెలిసినదని ఆమెకూ తెలియలేదు.

కుక్ కంటికి రెండు వస్తువులు ఆనాయి. తిన్నగా పెరిగిన పైన్ చెట్లు తెరచాప స్తంభాలకు పనికివస్తాయి, కొండచరియల మీద విరివిగా ఉన్న నారమొక్క తెరచాపల గుడ్డకూ మోకులకూ పనికివస్తుంది అనుకున్నాడు. నౌకాబలమే బలంగా బ్రతికిన ఇంగ్లండుకు ఈ రెండూ బంగారంతో సమానం. అందుకే 1788 జనవరిలో సిడ్నీలో ఖైదీల వలస ఏర్పడిన కొన్ని వారాలకే, ఫిలిప్ గిడ్లీ కింగ్ అనే యువ నౌకాధికారిని నార్ఫోక్ పంపారు. దిగే చోటు దొరకక రోజుల తరబడి దీవి చుట్టూ తిరిగి, చివరకు మార్చి 6న ఒడ్డెక్కారు. అతని వెంట ఉన్న ఇరవైమంది పైచిలుకు మనుషులలో ఖైదీలు 15 మంది. తొమ్మిదిమంది పురుషులు, ఆరుగురు స్త్రీలు.

ఆశలు రెండూ వమ్మయ్యాయి. పైన్ కొయ్యకు తెరచాప స్తంభానికి కావలసిన సత్తువ, సాగు లేవని తేలింది. నార తీయడం ఎవరికీ చేతకాలేదు. 1793లో ఒక ఇంగ్లీషు ఓడ న్యూజీలాండు తీరాన టుకి, హురు అనే ఇద్దరు మావోరీ యువకులను బలవంతంగా ఎక్కించుకు వచ్చి కింగ్‌కు అప్పగించింది, నార తీయడం నేర్పుతారని. వారు నివ్వెరపోయారు. తమ దేశంలో అది ఆడవారి పని, తమకేం తెలుసు? ఒకడు పురోహితుల వంశంవాడు, మరొకడు యోధుల వంశంవాడు. అయినా ఆ ఆరు నెలలూ వ్యర్థం కాలేదు. కింగ్ వారిని తన ఇంట ఉంచుకుని వారి భాష కొంత నేర్చుకున్నాడు. టుకి తమ దేశపు పటం గీసి చూపించాడు. మావోరీ చేతిలో రూపొందిన పటాలలో మనకు తెలిసినంతలో అదే మొదటిది. ఆ ఏడాది నవంబరులో కింగ్ స్వయంగా ఓడెక్కి వారిని ఇంటికి దిగబెట్టి వచ్చాడు. మాట ఇచ్చి నిలుపుకున్నాడు. వలసపాలకుల చరిత్రలో ఇటువంటివి అరుదు కనుక ఇక్కడ రాసుకుంటున్నాను.

అంతకు మూడేళ్ళ ముందు, 1790 మార్చి 19న, సిడ్నీ వలసకు ప్రాణాధారమైన సిరియస్ అనే ఓడ ఈ దీవి తీరాన దిబ్బకు గుద్దుకుని పగిలింది. మనుషులు బ్రతికారు. కానీ తిండి? దీవిలో నోళ్ళ సంఖ్య ఒక్కసారిగా ఐదువందలకు చేరింది. అప్పుడు వారిని కాపాడింది ఒక సముద్రపక్షి. పిట్ కొండ మీద బొరియలలో గూళ్ళు పెట్టుకునే ఆ పక్షికి మనిషి అంటే భయం తెలియదు. చేత్తో పట్టుకోవచ్చు. ఆ ఒక్క ఋతువులోనే 1,70,000కు పైగా పక్షులను చంపి తిన్నారు. దైవం పంపిన పక్షి అని దానికి పేరు పెట్టారు. పేరు పెట్టిన పదేళ్ళలోపే పిట్ కొండ మీద ఆ పక్షి లేకుండా పోయింది. వేరొక దీవి మీద బ్రతికి ఉన్నందువల్ల జాతి నశించలేదు. కృతజ్ఞత చెప్పే తీరులలో ఇదొకటి.

దూరం, ఖర్చు, రేవు లేకపోవడం కలిసి మొదటి వలసను ముగించాయి. 1807-08లో జనాన్ని పెద్దయెత్తున టాస్మేనియాకు తరలించారు. 1814లో మిగిలినవారూ వెళ్ళిపోయారు. పోతూ పోతూ మరెవరూ వచ్చి ఉండకుండా ఇళ్ళను తగలబెట్టారు. ఆ పెద్ద తరలింపు మొదలైనప్పటి గవర్నరు ఎవరో తెలుసా? విలియం బ్లై. బౌంటీ ఓడ మీద తన మనుషులే తిరగబడి చిన్న పడవలో సముద్రంలో వదిలేసిన ఆ బ్లైయే. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరం వస్తుంది.

*

పదకొండేళ్ళు దీవి నిర్మానుష్యంగా ఉంది. 1825 జూన్‌లో మళ్ళీ తెరిచారు. ఈసారి నార కోసం కాదు, కొయ్య కోసం కాదు. ఖైదీలుగా ఆస్ట్రేలియా వచ్చి, అక్కడ మళ్ళీ నేరం చేసినవారిని ఉంచడానికి. తిరిగి వస్తామన్న ఆశ లేని చోటు ఒకటి ఉండాలి, దాని పేరు వింటేనే మిగిలిన ఖైదీలు వణకాలి అన్నది పాలకుల ఉద్దేశం.

మన న్యాయస్థానాల భాషలో ‘ద్వీపాంతరవాసం’ అనే మాట ఉండేది. మా తాతగారి తరంవారు దానిని ఉచ్చరించేటప్పుడు గొంతు తగ్గించేవారట. మనకు ఆ మాట వినగానే అండమాను గుర్తుకు వస్తుంది. అండమానులో బ్రిటిషువారి శాశ్వత ఖైదీల వలస మొదలైంది 1858లో. నార్ఫోక్ చెరసాల మూతపడింది 1855లో. రెండింటి నడుమ మూడేళ్ళే. మన వాళ్ళకు పోర్ట్ బ్లెయిర్ ఎటువంటిదో, లండన్, డబ్లిన్ పేదలకు నార్ఫోక్ అటువంటిది.

అక్కడ జరిగిన వాటిని పూసగుచ్చినట్టు రాయడం నాకు ఇష్టం లేదు. కొరడా దెబ్బల లెక్కలు చదివి మనం పొందేది జ్ఞానమో, మరింకేదో అనుమానం. ఒక్క సంఘటన చెబుతాను. 1834 జనవరిలో ఖైదీలు తిరగబడ్డారు. విచారణ జరిగి, చివరకు 13 మందికి ఉరి ఖాయమైంది, మిగిలినవారికి శిక్ష తగ్గింది. ఎవరెవరు ఏ జాబితాలో ఉన్నారో చెప్పడానికి విలియం ఉల్లతోర్న్ అనే యువ క్యాథలిక్ మతాచార్యుడు కొట్టుకు కొట్టుకు వెళ్ళాడు. అతను తరువాత రాసుకున్నదాని ప్రకారం, ఉరిశిక్ష పడినవారు మోకాళ్ళ మీద వంగి దేవునికి కృతజ్ఞత చెప్పుకున్నారు. బ్రతకబోయేవారు ఏడ్చారు. జ్ఞాపకంలో ఈ దృశ్యానికి కొంత మెరుగు పెట్టి ఉండవచ్చునని సందేహించేవారున్నారు. సగం తీసివేసినా మిగిలినది చాలదా?

*

ఈ చీకటి నడుమ నాలుగేళ్ళ వెలుగు ఉంది. నేనీ టపా రాయడానికి అసలు కారణం అదే.

అలెగ్జాండర్ మకానకీ స్కాట్లండువాడు, నౌకాధికారి. నెపోలియన్ యుద్ధాలలో ఫ్రెంచివారికి చిక్కి రెండేళ్ళకు పైగా చెరలో ఉన్నాడు. తరువాత లండన్‌లోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీకి తొలి కార్యదర్శి, లండన్ యూనివర్సిటీ కాలేజీలో తొలి భూగోళశాస్త్రాచార్యుడు. 1837లో టాస్మేనియా వచ్చి ఖైదీల వ్యవస్థను చూసి, ఇది మనుషులను బాగుచెయ్యదు, ఖైదీనీ యజమానినీ ఇద్దరినీ పాడుచేస్తుంది అని నివేదిక రాశాడు. ఆ నివేదిక వల్ల ఉన్న ఉద్యోగం పోయింది గానీ, 1840 మార్చిలో నార్ఫోక్ అధికారిగా అవకాశం వచ్చింది. జైలు అనుభవమున్నవాడు జైలరు కావడం ఎన్నడో గాని జరగదు.

అతని సిద్ధాంతం సరళమైనది. శిక్షను ఏళ్ళతో కొలవకూడదు. ఇన్నేళ్ళు పడి ఉండు అంటే మనిషి పడే ఉంటాడు, లేవడు. దానికి బదులు ఇన్ని మార్కులు సంపాదించు అనాలి. పని చేస్తే మార్కులు, సత్ప్రవర్తనకు మార్కులు, తప్పు చేస్తే కోత. విడుదల తాళంచెవి ఖైదీ చేతిలోనే ఉంటుంది. దీనితో పాటు ఖైదీలకు చిన్న చిన్న తోటలు ఇచ్చాడు, పుస్తకాలు తెప్పించాడు, సంగీత వాద్యాలు తెప్పించాడు. చనిపోయిన ఖైదీల సమాధుల మీద పేర్లు చెక్కిన రాళ్ళు పెట్టుకోనిచ్చాడు.

1840 మేలో, తాను వచ్చిన మూడో నెలలో, విక్టోరియా రాణి పుట్టినరోజు వచ్చింది. 24వ తేదీ ఆదివారం కనుక వేడుక 25న. ఆ ఉదయం మకానకీ చెరసాల తలుపులు తెరిపించాడు. కొత్తగా వచ్చినవారు, పాతకాపులు, రెండుసార్లు శిక్ష పడినవారు, అందరికీ ఒకటే మాట: ఈ రోజు సెలవు. దీవిలో ఎక్కడికైనా వెళ్ళండి, బూర ఊదినప్పుడు తిరిగి రండి. ఇరవైయొక్క తుపాకులు పేలాయి. మంచి భోజనం పెట్టారు. రాణి ఆరోగ్యానికి అని నీళ్ళు కలిపిన కాస్త మద్యం ఇచ్చారు. ఖైదీలే వేషాలు కట్టి సంగీత నాటకం ఆడారు. సాయంకాలం బాణసంచా కాల్చారు. కొండచరియల మీద తిరిగారు, సముద్రంలో మునిగారు. పదిహేనేళ్ళుగా ఆ చెట్లను నరకడమే తప్ప వాటి నీడను కూర్చోని మనుషులు ఆ రోజు కూర్చున్నారు.

బూర ఊదారు. అందరూ తిరిగి వచ్చారు. ఒక్క అల్లరి లేదు.

నాకు తెలిసినంతలో నార్ఫోక్ దీవి మీద మొదటి విహారం అదే. నేడు విమానమెక్కి వెళ్ళే యాత్రికులందరికీ పూర్వీకులు ఆ ఖైదీలే.

సిడ్నీలో ఈ వార్త విని పెద్దమనుషులు మండిపడ్డారు. గవర్నరు జార్జ్ గిప్స్ పాతఖైదీలకు ఈ సౌకర్యాలు వద్దని ముందే ఆజ్ఞాపించి ఉన్నాడు, ఆగ్రహించాడు. మకానకీని తొలగించాలని లండన్‌కు లేఖలు వెళ్ళాయి. మూడేళ్ళ తరువాత 1843 మార్చిలో గిప్స్ ముందుగా కబురు పెట్టకుండా దీవికి వచ్చి దిగాడు. దీవి ప్రశాంతంగా ఉంది. సిడ్నీ రేవులో ఒకప్పుడు బండకు గొలుసులతో కట్టివేసిన చార్లెస్ ఆండర్సన్ అనే ఖైదీని మకానకీ మొదట పొగరుబోతు ఎడ్లకు కాపరిగా, తరువాత కొండ మీది సంకేత కేంద్రానికి కావలివాడుగా పెట్టాడు. నావికుని దుస్తులలో ఠీవిగా నిలబడి ఉన్న అతన్ని చూసి గిప్స్ ఆశ్చర్యపోయాడు. తన అభిప్రాయం కొంత మార్చుకుని, అనుకూలంగానే నివేదిక రాశాడు. కానీ అది లండన్ చేరేలోపే మకానకీని వెనక్కు పిలిచే నిర్ణయం జరిగిపోయింది. ఓడలు నడిచే వేగం ఒక మనిషి తలరాతనూ, వేలమంది తలరాతనూ నిర్ణయించింది. 1844 మొదట్లో అతను వెళ్ళిపోయాడు.

తరువాత వచ్చిన అధికారి తోటలు తీసుకున్నాడు, 1846లో ఖైదీలు సొంతంగా వండుకునే గిన్నెలు కూడా లాక్కున్నారు. జూలై 1న తిరుగుబాటు జరిగింది. నలుగురు ఉద్యోగులు చనిపోయారు. అక్టోబరు 13న ఒకే రోజున 12 మందిని ఉరితీసి శ్మశానం గోడ అవతల పూడ్చారు. గిన్నెల కోసం అంత పని జరిగిందా అని ఆశ్చర్యపోతాము. వండుకోవడం అంటే ఆ మనుషులకు తమదంటూ మిగిలిన ఒకే ఒక్క పని అని తలచుకుంటే ఆశ్చర్యం తగ్గుతుంది. అటు తరువాత జాన్ ప్రైస్ వచ్చాడు. అతని క్రౌర్యం మార్కస్ క్లార్క్ నవలలోని ప్రతినాయకునికి మూలమయింది. ప్రైస్ 1857లో మెల్‌బోర్న్ దగ్గర ఖైదీల చేతిలోనే చనిపోయాడు.

మకానకీ 1860లో కీర్తి లేకుండా మరణించాడు. అతని పద్ధతిని ఐర్లండులో వాల్టర్ క్రాఫ్టన్ అందిపుచ్చుకున్నాడు, అక్కడనుంచి అమెరికా వెళ్ళింది. ఈనాడు మన పత్రికలలో ‘పెరోల్’ అని చదివే దానికి ఒక వేరు ఈ చిన్న దీవిలో ఉంది.

*

1855లో చెరసాల మూతపడింది. ఇళ్ళు, రోడ్లు, గోడలు, పశువులు అలాగే ఉన్నాయి, మనుషులు లేరు. ఇప్పుడు మళ్ళీ బ్లై కథ.

1789 ఏప్రిల్‌లో బౌంటీ ఓడ మీద తిరుగుబాటు చేసినవారిలో తొమ్మిదిమంది, తహితీ స్త్రీ పురుషులను వెంటబెట్టుకుని పిట్‌కైర్న్ అనే మరీ చిన్న దీవికి పారిపోయారు. 1790 జనవరిలో అక్కడ బౌంటీని తగలబెట్టుకున్నారు. అదే ఏడాది మార్చిలో ఇక్కడ సిరియస్ పగిలింది. పిట్‌కైర్న్‌లో తొలి పదేళ్ళు హత్యలతో గడిచాయి. మిగిలినది ఒకే ఒక్క తిరుగుబాటుదారు, కొందరు స్త్రీలు, పిల్లలు. ఆ పిల్లల పిల్లలు పెరిగి దీవి చాలకపోతే, ఇంగ్లండు వారికి ఖాళీగా ఉన్న నార్ఫోక్‌ను చూపింది. 1856 మే 3న పిట్‌కైర్న్ జనమంతా ఒకే ఓడలో బయలుదేరారు. జూన్ 8న నార్ఫోక్‌లో దిగినది 194 మంది. బ్లై ఖాళీ చేయించిన దీవిలో, బ్లైపై తిరగబడినవారి మనుమలు కాపురం పెట్టారు.

కొందరికి బెంగ తీరక, 1859లోనూ 1864లోనూ పిట్‌కైర్న్‌కు తిరిగి వెళ్ళిపోయారు. ఉన్నవారు జైలు అధికారుల ఇళ్ళలో కాపురముండి, జైలు పొలాలు దున్నుకున్నారు. పాత ఇంగ్లీషు, తహితీ కలిసిన తమ భాషను నిలుపుకున్నారు. ‘నోర్ఫక్’ అనే ఆ భాషకు 2004లో చట్టం చేసి అధికార ప్రతిపత్తి ఇచ్చుకున్నారు. ఇంటిపేర్లు కొద్దివే కావడంతో ఎవరెవరో తెలియక టెలిఫోను పుస్తకంలో ముద్దుపేర్లు అచ్చువేసుకుంటారు. మన ఊళ్ళలో ముగ్గురు సుబ్బారావులుంటే పొడుగు సుబ్బారావు, మిల్లు సుబ్బారావు అనుకున్నట్లే.

వారికొక పాతగాయం ఉంది. దీవి మొత్తాన్నీ రాణి తమకే ఇచ్చిందని వారి నమ్మకం. ప్రభుత్వం అది ఒప్పుకోలేదు. 1908లో ఆ జైలు అధికారుల ఇళ్ళనుంచి వారిని ఖాళీ చేయించింది. 1914లో దీవి ఆస్ట్రేలియా పాలనలోకి వచ్చింది. 1979లో స్వపరిపాలన వచ్చింది. 2015లో ఆస్ట్రేలియా పార్లమెంటు ఆ శాసనసభను రద్దుచేసింది. 2016 జూలైనుంచి ఆదాయపు పన్ను, ఆరోగ్యసేవలు, వీసా నిబంధనలు అన్నీ ప్రధానభూభాగంతో కలిశాయి. దీవి ఖజానా ఖాళీ అయినదని ఒకరు, మా నోరు నొక్కారని మరొకరు. ఇద్దరి మాటలోనూ నిజముంది. ఇటువంటి వాదన మనకు కొత్త కాదు కనుక తీర్పు చెప్పను.

*

ఇక ప్రశ్న. ఇంత జరిగిన చోట పిల్లలను ఈతకు తీసుకువెళ్ళవచ్చునా?

కింగ్‌స్టన్ అనే ఆ జైలు ప్రాంతాన్ని 2010లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. రక్తం, ప్రేతాలు అమ్ముకునే యాత్రావ్యాపారం అక్కడా ఉంది. ఒక వంతెన గోడలో ఖైదీలు తమ మేస్త్రీని చంపి దాచారనీ, సున్నంలోంచి రక్తం కారిందనీ కథ చెబుతారు. దానికి ఆధారం లేదు. నాకు ఆ వంతెన చూడాలని లేదు. అలాగని, దుఃఖం జరిగిన చోట నవ్వకూడదు అనే నియమం పెట్టుకుంటే ఈ భూమి మీద నవ్వడానికి చోటెక్కడ?

జవాబు ఆ దీవివారే చెప్పారనిపించింది. ఏటా జూన్ 8న తమ పూర్వీకుల రాకను వారు మళ్ళీ నటించి చూపుతారు. పాత దుస్తులు వేసుకుని రేవు దగ్గర దిగి, ఊరేగింపుగా శ్మశానానికి వెళ్ళి, పూలు ఉంచి, పాటలు పాడతారు. ఆ తరువాత కుటుంబాలన్నీ కలిసి బంతిభోజనాలు చేస్తాయి. ఎక్కడనుకున్నారు? జైలు ప్రహరీగోడల లోపల. ముందు సమాధుల దగ్గరకు, తరువాత భోజనానికి. వరుస అది. తద్దినం నాడు మన ఇళ్ళలో పాటించే వరుసా అదే కదా! పోయినవారికి పెట్టి, ఆ తరువాత పిల్లలతో కలిసి తృప్తిగా తింటాము. దానిని ఎవరూ తప్పనరు.

కనుక మా ప్రణాళిక ఇలా ఖాయమైంది. సిడ్నీ ఉన్న రాష్ట్రంలో జూన్ రెండో సోమవారం రాజుగారి పుట్టినరోజు సెలవు. మా తమ్ముడి పిల్లలకు బడి ఉండదు. మనవైపు వేసవి సెలవులు ముగిసే రోజులు కూడా అవే. అక్కడ అది చలికాలమైనా, సముద్రం నడుమ దీవి కనుక పగలు పద్దెనిమిది డిగ్రీలకు అటూ ఇటూ, మన అరకులోయ చలిపాటి. ఈత విషయంలో మా మరదలికి కొంత ఆశాభంగం తప్పదు, నీళ్ళు చల్లగా ఉంటాయి. మనకు ఆస్ట్రేలియా వీసా ఉంటే చాలు, వేరే అనుమతి అక్కరలేదు. సిడ్నీనుంచి విమానం రెండున్నర గంటల ప్రయాణం. ఆ విమానాశ్రయం 1942లో యుద్ధం కోసం కట్టినది. దానికై ఖైదీల కాలపు పైన్ చెట్ల వీధిని కొట్టివేశారు. పళ్ళు, పచ్చళ్ళు, విత్తనాలు వెంట తీసుకుపోయే ఆలోచన మానుకోవాలి. చిన్న దీవికి చీడ వస్తే పోదు, అందుకని తనిఖీ గట్టిగా ఉంటుంది. మా ఇంట ఆవకాయ లేకుండా నాలుగు రోజులు గడవడం ఇదే మొదటిసారి కాబోతున్నది. అద్దెకారు తప్పనిసరి. రోడ్డు మీద ఆవు అడ్డువస్తే ఆవుదే హక్కు. ఈ ఒక్క నిబంధన మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. ఎదురైన ప్రతి వాహనానికీ చెయ్యి ఊపాలట, అది మాత్రం నేర్చుకోవాలి.

మొదటి రోజు మధ్యాహ్నం శ్మశానానికి వెళ్తాము. మకానకీ పెట్టుకోనిచ్చిన రాళ్ళ మీది పేర్లు పిల్లలచేత చదివిస్తాను. అడిగినంతవరకు చెబుతాను, అడగనిది చెప్పను. తరువాత ఎమిలీ బేకు. నీళ్ళు ఎంత చల్లగా ఉన్నా వాళ్ళు దిగకుండా ఆగరని నాకు తెలుసు.

మన భాషలో ‘సెలవు’ అనే మాట చిత్రమైనది. బడికి లేకపోవడం సెలవు. పెద్దవారి అనుమతి సెలవు. విడిపోతూ చెప్పేదీ సెలవే. సత్ప్రవర్తన కలిగిన ఖైదీకి ఆ రోజుల్లో ఇచ్చే కాగితాన్ని ‘టికెట్ ఆఫ్ లీవ్’ అనేవారు. సెలవు చీటీ అన్నమాట. చిన్నప్పుడు మనం జ్వరమొస్తే నాన్నగారి సంతకంతో బడికి పంపిన కాగితానికీ అదే పేరు. ఎవరో ఒకరు సంతకం పెట్టి, నిన్ను నమ్ముతున్నాను, వెళ్ళి రా అంటేనే అది చీటీ అవుతుంది. 1840 మే 25న దీవినిండా ఉన్న మనుషులతో ఒకడు ఆ మాట అన్నాడు. వాళ్ళు వెళ్ళారు, తిరిగి వచ్చారు.

మెట్ల ప్రక్కన కుండీలో మొక్కకు నీళ్ళు పోసి వచ్చి ఇది రాశాను. దాని పుట్టింటి కబుర్లు జూన్ తరువాత.

అంతవరకు సెలవు.